మాటలు లేని తోబుట్టువుతో మళ్ళీ మాట కలపడం ఎలా

"వాళ్ళకీ మాకూ మాటల్లేవు" అని చెప్పుకునే ఇల్లు మన బంధువర్గంలో ఒకటైనా ఉంటుంది. ఆరా తీస్తే ఆ మాటలు చాలాసార్లు పంపకాల దగ్గరే ఆగి ఉంటాయి. ఒకరికి చెప్పకుండా అమ్మిన పొలం, ఒక్కరి పేరునే రాసిన ఇల్లు, ఆడపిల్ల చేత పెట్టించుకున్న సంతకం, తల్లి నగలు, జరిపిన గట్టు, వీటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ మౌనానికి కొన్ని కట్టుబాట్లు కూడా ఏర్పడతాయి. ఎదురుపడితే తల తిప్పుకోవాలి, శుభలేఖను మూడో మనిషి చేత పంపాలి, పిల్లలు ఆ గడప తొక్కకూడదు, చావుకు మాత్రం వెళ్ళాలి. ఆ కట్టుబాట్లను ముందుగా తామే విప్పాలని అనుకుంటున్న అన్నకో తమ్ముడికో, అక్కకో చెల్లెలికో పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మీ ముందు మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. క్షమించడం మీరు ఒక్కరే, మీ మనసులో చేసుకునే పని. మాట కలపడం ఇద్దరూ కలిసి చేయవలసిన పని. వాటాల లెక్క తేల్చుకోవడం కాగితాల మీద, అవసరమైతే మధ్యవర్తుల సమక్షంలో జరగవలసిన పని. మన ఇళ్ళలో రాజీ ప్రయత్నాలు చెడిపోవడానికి ముఖ్య కారణం ఈ మూడింటినీ ఒకే కూర్చోవడంలో, ఒకే పంచాయితీలో, చాలాసార్లు ఒకే భోజనాల పంక్తిలో తేల్చేయాలని చూడడమేనని నా అభిప్రాయం. "మాట్లాడతాను, ముందు నా వాటా ఇమ్మనండి" అనే వారూ, "క్షమించాను కదా, ఇంక వాటా సంగతి ఎందుకు" అనే వారూ ఈ కలగాపులగంలోనే చిక్కుకుంటారు.

ఈ పద్ధతి పనికిరాని సందర్భం కూడా ఉంది. అవతలి మనిషి మీ మీద చేయి చేసుకున్నా, చంపుతానని బెదిరించినా, చిన్నతనంలో మిమ్మల్ని శారీరకంగా వేధించినా, వారి దగ్గరకు ఒంటరిగా వెళ్ళి మాట కలపవలసిన బాధ్యత మీకు లేదు. బంధువులు ఎంత ఒత్తిడి తెచ్చినా సరే వెళ్ళకండి. ఆపదలో ఉన్న స్త్రీలు 181కి, ఎవరైనా సరే 112కి ఫోన్ చేయవచ్చు. ఇక్కడి నుంచి రాసేదంతా కోపతాపాలూ, అన్యాయమూ, అవమానమూ ఉండి, భయం మాత్రం లేని సంబంధాల గురించే.

మొదట కాగితం మీద రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు జరిగినదాన్ని మాత్రమే రాయండి. కుడివైపు దాన్నిబట్టి మీరు అనుకున్నదాన్ని రాయండి. "నాన్నగారు పోయిన నాలుగు నెలలకు తమ్ముడు ఇల్లు తన పేరున రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, నాకు చెప్పలేదు" అన్నది ఎడమవైపుకు చెందుతుంది. "నేను అడ్డుపడతానని ముందే పథకం వేశాడు, వాళ్ళావిడే చేయించింది" అన్నది కుడివైపుకు చెందుతుంది. ఏళ్ళ తరబడి తలచుకుని తలచుకుని ఈ రెండూ ఒకే వాక్యమైపోయి ఉంటాయి కనుక వీటిని విడదీయడం వినడానికి సులువుగా ఉన్నా చేయడానికి ఒక పూట పడుతుంది.

ఆ తర్వాత, మూడో మనిషి చెప్పగా తెలిసిన ప్రతి మాటనూ కొట్టివేయండి. "మీ అన్న నిన్ను బిచ్చగత్తె అన్నాడట" అన్న మాటను మీరు స్వయంగా విన్నారా అన్నదే ఇక్కడ ప్రశ్న. వినకపోతే, అది నిజమే అయినా సరే, మీ కాగితంలో ఉండకూడదు. మౌనం నడిచినంత కాలం రెండిళ్ళ మధ్య మాటలు మోసేవాళ్ళు ఉంటూనే ఉంటారు. మోసిన ప్రతిసారీ ఆ మాట కొంత బరువెక్కుతుంది. కొట్టివేత పూర్తయ్యాక ఎంత మిగిలిందో చూడండి. చాలామందికి రెండు మూడు వాక్యాలకు మించి మిగలవు. ఆ మిగిలినవే అసలైన గాయం.

ఇప్పుడు మిమ్మల్ని బాధపెట్టింది డబ్బా, గౌరవమా, చెప్పకపోవడమా అని విడివిడిగా ప్రశ్నించుకోండి. పుట్టింటి ఆస్తి విషయంలో ఆడపిల్లల నోట నేను తరచుగా విన్న మాట "ఒక్క మాట అడిగి ఉంటే నేనే సంతకం పెట్టేదాన్ని" అనేది. వాటా విలువ లక్షల్లో ఉన్నా ఆ వాక్యంలో డబ్బు ప్రసక్తి లేదు. అదే మీ మాట కూడా అయితే, మీరు అడగవలసింది వాటా కన్నా ముందు ఆ చెప్పకపోవడం గురించి. అది కాదు, డబ్బే అసలు విషయం అయితే అలాగే ఒప్పుకోండి. డబ్బు పోయినవారు డబ్బు కోసం బాధపడడంలో నామోషీ ఏమీ లేదు. దాన్ని గౌరవ సమస్యగా చెప్పుకుంటే మాత్రం సంభాషణ దారి తప్పుతుంది.

ఆస్తి తగాదాలో రెండు పక్షాలూ తామే న్యాయం వైపు ఉన్నామని నిజాయితీగా నమ్మడానికి మరో కారణం ఉంది. ఒకరు ఆచారాన్నీ, మరొకరు చట్టాన్నీ పట్టుకుని మాట్లాడతారు. "పెళ్ళప్పుడు కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద ఎకరం రాశాం, ఇంకేమిటి" అన్న అన్నగారు తాను అన్యాయం చేస్తున్నానని అనుకోడు. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయ్యేలా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతోనే కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందు పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళి షరతు లేకుండా దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కును కల్పించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం ఆ సవరణ కదిలించదు. తండ్రి స్వార్జితం సంగతి వేరు. దాన్ని ఆయన వీలునామా ద్వారా తనకు ఇష్టమైనవారికి రాయవచ్చు. ఏమీ రాయకుండా పోతే భార్యకూ, తల్లి ఉంటే ఆమెకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమానంగా వస్తుంది. అంటే ఉమ్మడి ఆస్తి విషయంలో 1984లో పెళ్ళయిన అక్కకూ 1987లో పెళ్ళయిన చెల్లెలికీ ఒకే ఇంట్లో చాలా ఏళ్ళపాటు వేర్వేరు హక్కులు ఉండేవి. ఇంత మారుతూ వచ్చిన చట్టాన్ని ఇంట్లో అందరూ ఒకేలా అర్థం చేసుకోలేదంటే ఆశ్చర్యం లేదు. అవతలివారిది దురుద్దేశమా, పాతబడిన నమ్మకమా అన్నది కాగితం మీద రాసే దశలోనే ఆలోచించుకోవడం మేలు.

కాగితం వెనకవైపు మీ సొంత వంతు రాయండి. గొడవ మీరు మొదలుపెట్టకపోయినా, ఆ తర్వాత మీరు అన్న మాటలు, వెళ్ళని పెళ్ళిళ్ళు, పిల్లల ముందు చేసిన ఎత్తిపొడుపులు ఉంటాయి. ఈ వైపు ఖాళీగా వదిలేసినవారు ఇంకా మాట కలపడానికి సిద్ధంగా లేరని నేను అనుకుంటాను.

క్షమించే పని

క్షమించడమంటే జరిగింది ఒప్పేనని అంగీకరించడం కాదు. మరచిపోవడం అంతకన్నా కాదు, అది ఎవరి చేతుల్లోనూ లేదు. నన్ను బాధపెట్టినంతా తిరిగి బాధపెట్టాలన్న కోరికను, "వాడికీ ఒకరోజు తెలుస్తుంది" అన్న ఎదురుచూపును వదులుకోవడాన్ని క్షమ అంటున్నాను. ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్, నిర్ణయంగా క్షమించడం వేరు, భావంగా క్షమించడం వేరు అని విడదీసి చెప్పారు. ఆయన తల్లి తన ఇంట్లోనే దొంగతనానికి వచ్చినవారి చేతిలో హత్యకు గురైంది కనుక ఆ తేడా ఆయనకు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసినది కాదు. పగ తీర్చుకోను, మనిషిని మనిషిగా చూస్తాను అన్న నిర్ణయాన్ని ఒక్క రోజులో తీసుకోవచ్చు. ఛాతీలోని మంట చల్లారడానికి నెలలు పడుతుంది, ఏళ్ళు కూడా పట్టవచ్చు. మనసు పూర్తిగా చల్లబడ్డాకే మాట్లాడతానని కూర్చుంటే ఆ రోజు రాకపోవచ్చు. నిర్ణయం తీసుకున్నాక బయలుదేరండి, మిగిలింది దారిలో జరుగుతుంది.

నిర్ణయం తీసుకున్న సంగతిని అవతలివారికి ప్రకటించకండి. "నిన్ను క్షమించాను" అన్న మాట తన తప్పును ఇంకా ఒప్పుకోని మనిషి చెవికి నిందలా వినిపిస్తుంది. మీ కాగితం కింద తేదీ వేసి దాచుకోండి. పాత కోపం తిరిగి వచ్చిన రోజున ఆ తేదీ చూసుకోవడానికి ఉపయోగపడుతుంది.

క్షమ పేరిట అన్నీ వదులుకోమని ఒత్తిడి చేసేవారికి ఒక పాత సమాధానం ఉంది. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, ప్రహ్లాదుడు తన మనుమడు బలికి చెప్పిన మాటలను గుర్తుచేస్తుంది. ఎల్లప్పుడూ పౌరుషం మేలు కాదు, ఎల్లప్పుడూ క్షమా మేలు కాదు, నిత్యం క్షమించేవాడిని సేవకులు కూడా లెక్కచేయరు అన్నది ఆ మాటల సారాంశం. ధర్మరాజు ఒప్పుకోలేదు, క్షమే గొప్పదని ఎదురు వాదించాడు. ఇద్దరూ ఒక కొలిక్కి రానేలేదు. మనకు కావలసింది ఆ వాదంలో గెలుపోటములు కావు, పగను వదిలి హక్కును ఉంచుకోవడం సాధ్యమేనన్న తెలివిడి.

మొదటి మాట ఎవరి ద్వారా, ఎప్పుడు

చాలామంది ఇంట్లో పెళ్ళి వచ్చేదాకా ఆగుతారు. నా దృష్టిలో అది అన్నిటికన్నా తప్పుడు సమయం. పెళ్ళి పిలుపే మొదటి మాట అయితే, ఆ పిలుపు తీరులోనే పాత లెక్కలన్నీ చూస్తారు. దంపతులిద్దరూ వచ్చి పిలిచారా, బొట్టు పెట్టారా, శుభలేఖ చేతికిచ్చారా లేక వాట్సాప్‌లో పంపారా, తోబుట్టువుల పేర్లలో మా పేరు వేశారా అన్న ప్రశ్నలు వస్తాయి. ఒక్కటి తగ్గినా కొత్త గాయం తయారవుతుంది. పెళ్ళికి పిలవాలని ఉంటే కనీసం మూడు నాలుగు నెలల ముందే మాట కలిపే ప్రయత్నం చేయండి.

చావు ఇంటి సంగతి వేరు. ఏళ్ళ తరబడి మాటలు లేని అన్నదమ్ములు కూడా తల్లి పాడెకు చెరో కొమ్మూ పడతారు, జ్ఞాతులు కనుక మైల పాటిస్తారు, పెద్దకర్మ దాకా ఒకే కప్పు కింద తిరుగుతారు. ఆ రోజుల్లో "బియ్యం వచ్చాయా, బ్రాహ్మడికి కబురు చేశారా" అనే స్థాయి మాటలు వాటంతటవే వస్తాయి. వాటిని రానివ్వండి, అంతకు మించి ముందుకు వెళ్ళకండి. దుఃఖమూ, నిద్రలేమీ, చుట్టూ వంద మంది బంధువులూ ఉన్న చోట అసలు విషయం ఎత్తితే అది పంచాయితీ అవుతుంది. కర్మకాండలు పూర్తయి నెల గడిచాక కబురు చేయండి. ఆ పది రోజుల మాటలు అప్పటికి దారి వేసి ఉంటాయి.

కబురు మోసే మనిషిని ఎంచుకోవడం అన్నిటికన్నా నేర్పు కావలసిన పని. మీ జీవిత భాగస్వామి తరఫు వారు వద్దు. వారు ఎంత మంచివారైనా అవతలి ఇంట్లో "వాళ్ళ మనిషి" అనే అంటారు. రెండిళ్ళలోనూ చనువుగా అన్నం తినగలిగిన మనిషి కావాలి. అది మేనమామ కావచ్చు, మేనత్త కావచ్చు, నాన్నగారి పాత స్నేహితుడు కావచ్చు. ఆ మనిషికి రాయబారం అప్పగించకండి, ఒక్క వాక్యం అప్పగించండి. "తమ్ముడితో ఒక గంట మాట్లాడాలని ఉందని చెప్పండి, ఆస్తి గురించి కాదని కూడా చెప్పండి" అంటే చాలు. అంతకు మించి స్వేచ్ఛ ఇస్తే మోసే మనిషి మంచి ఉద్దేశంతోనే మీరు అనని మాటలు కలుపుతాడు. "అన్నయ్య చాలా బాధపడుతున్నాడు" అన్నది అవతల "తప్పు ఒప్పుకుంటున్నాడట" గా మారడానికి ఎంతోసేపు పట్టదు.

అలాంటి మనిషి దొరకకపోతే మీరే రాయండి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఉగాది శుభాకాంక్షల ఫార్వర్డుతో మొదలుపెట్టడం కూడా నాకు నచ్చదు, అది వందమందికి వెళ్ళేదని వారికీ తెలుసు. మూడు వాక్యాలు సరిపోతాయి. "చెల్లీ, ఎనిమిదేళ్ళుగా మనం మాట్లాడుకోలేదు. ఇంటి రిజిస్ట్రేషన్ విషయంలో నీకు ముందుగా చెప్పకపోవడం నా తప్పు, అది నేరుగా నీతో చెప్పాలని ఉంది. నీకు వీలైనప్పుడు చెప్పు, నేనే వస్తాను." దీనిలో సమర్థన లేదు, గడువు లేదు, వచ్చే శ్రమ కూడా రాసినవారిదే. పంపాక చూశారా లేదా అని నీలి గీతలు లెక్కపెట్టకండి. చూసి రెండు వారాలు ఊరుకోవడం అసాధారణమేమీ కాదు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు

ఇద్దరే కూర్చోవాలి. భార్యాభర్తలు, పిల్లలు, పెద్దమనుషులు ఎవరూ ఉండకూడదు, ఎందుకంటే వినేవారు ఉన్నప్పుడు మనం ఎదుటి మనిషి కోసం మాట్లాడడం మానేసి వారి కోసం మాట్లాడడం మొదలుపెడతాం. చోటు వారి ఇల్లయినా, తల్లి బతికి ఉంటే తల్లి ఇల్లయినా, సాయంత్రం పూట రద్దీ లేని గుడి మండపమైనా బాగుంటుంది. తగాదాలో ఉన్న ఇంట్లో, తగాదాలో ఉన్న పొలం గట్టు మీద కూర్చోకండి. గంటకు మించి లాగకండి.

మీ వంతు తప్పుతో మొదలుపెట్టండి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, క్షమాపణలో ఉండే ఆరు అంశాలను విడదీసి ఏడు వందలకు పైగా మంది చేత తూకం వేయించింది. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ బరువు ఉందని తేలింది. దాని తర్వాతది జరిగిన నష్టాన్ని సరిచేస్తానని చెప్పడం. "నన్ను క్షమించు" అని అడగడం అట్టడుగున నిలిచింది. ఇది మనకు అనుకూలమైన సంగతే. తెలుగిళ్ళలో తోబుట్టువులు ఒకరితో ఒకరు "క్షమించు" అనుకోరు, ఆ మాట నాటకాల్లో పద్యం ముందు వచ్చే మాటలా ఉంటుంది. "సారీ" కాలు తగిలినప్పుడు కూడా అంటాం కనుక దానికి బరువు చాలదు. మనకు కావలసింది జరిగినదాన్ని జరిగినట్టు చెప్పి, దాని చివర "అది తప్పు" అని ఆగిపోవడం. "ఏమైనా తప్పుగా అని ఉంటే మనసులో పెట్టుకోకు" అన్నది క్షమాపణ కానే కాదు. "ఏమైనా" అన్నప్పుడు ఏ తప్పో చెప్పలేదు, "ఉంటే" అన్నప్పుడు అసలు జరిగిందనే ఒప్పుకోలేదు.

మా నాన్నకూ బాబాయికీ పదమూడేళ్ళు మాటల్లేవు. ఉమ్మడిలో ఉన్న ఆయిల్ ఇంజనును నాన్న బాబాయికి చెప్పకుండా అమ్మేయడం దానికి మూలం. మామ్మ పోయినప్పుడు పది రోజులూ పక్కపక్కనే కూర్చుని కూడా ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు బాబాయి పచ్చకామెర్లతో ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, కాసేపు కిటికీలోంచి చూసి, "ఇంజను నీకు చెప్పకుండా అమ్మాను. అది తప్పేరా" అన్నాడు. బాబాయి ఏమీ అనలేదు. కొంతసేపటికి "కాఫీ తాగావా అన్నయ్యా" అని అడిగాడు.

ఆ జవాబును చదవడం తెలిసి ఉండాలి. మన పెద్దవాళ్ళు, ముఖ్యంగా మగవాళ్ళు, తప్పును మాటతో ఒప్పుకోవడం కన్నా తిండితో ఒప్పుకోవడం ఎక్కువ. మామిడిపళ్ళ బుట్ట పంపడం, "తిని వెళ్ళు" అనడం, గారెలు వేయించడం లాంటివన్నీ సమాధానాలే. మీరు స్పష్టమైన మాట ఆశించి వెళ్ళి అవి వచ్చినప్పుడు గుర్తించకపోతే ఇద్దరూ నష్టపోతారు. వరస తిరిగి రావడం కూడా అలాంటిదే. గొడవల్లో ముందుగా పోయేది వరసే. తమ్ముడు "మీ బాబాయి" అవుతాడు, అన్నయ్య "ఆయన" అవుతాడు, చనువుగా పిలిచే "నువ్వు" కాస్తా ముల్లులాంటి "మీరు"గా మారుతుంది. సంభాషణలో ఎప్పుడో "అన్నయ్యా" అనో "ఏమే" అనో నోరు జారితే దాన్ని ఎత్తిచూపకండి, మీరూ అదే వరసతో జవాబివ్వండి.

వారు మాట్లాడేటప్పుడు, చెప్పింది తప్పుగా అనిపించినా, జవాబు ఇచ్చే ముందు మీకు అర్థమైనది తిరిగి చెప్పండి. "అంటే, నాన్నగారి మందుల ఖర్చంతా నువ్వే పెట్టావు కనుక ఇల్లు నీకే రావాలని అనుకున్నావు, అంతేనా" అని అడిగితే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు మాత్రమే. ఆ మనిషికి ఇన్నేళ్ళూ దొరకనిది కూడా అదే కావచ్చు. "అది ఒక్కటేనా, అంతకుముందు నువ్వు చేసిందో" అంటూ పాత పద్దులు తెరుచుకుంటే, "అది కూడా మాట్లాడుకుందాం, ఇవాళ మాత్రం ఇది" అని చెప్పి కట్టుబడి ఉండండి. దెప్పిపొడుపు మాత్రం ఏ రూపంలోనూ వద్దు. దాంపత్య సంబంధాలను దశాబ్దాలు పరిశీలించిన జాన్ గాట్‌మన్, విమర్శ, ఆత్మసమర్థన, మౌనంతో గోడ కట్టడం అనే వాటికన్నా తిరస్కారభావమే సంబంధాన్ని ఎక్కువగా కూలుస్తుందని గుర్తించారు. ఆయన మాట తోబుట్టువులకూ సరిపోతుందని నా అనుభవం. గుండె దడదడలాడి, ఎదుటివారి మాట చెవికెక్కడం మానేసిందని అనిపిస్తే, లేచి కనీసం ఇరవై నిమిషాలు అలా నడిచి రండి. శరీరం నెమ్మదించడానికి అంత సమయం పడుతుందని కూడా ఆయన చెబుతారు. లేచేటప్పుడు "ఇరవై నిమిషాల్లో వస్తాను" అని చెప్పి లేవాలి, లేకపోతే అది మరో అలకగా మిగులుతుంది.

జవాబు రాకపోతే

రాకపోవచ్చు. "ఇప్పుడెందుకులే" అనవచ్చు, ఏమీ అనకపోవచ్చు. ఆరు నెలలు ఆగి మరొక్కసారి ప్రయత్నించండి, ఈసారి వేరే మనిషి ద్వారా. రెండోసారీ కాదంటే అక్కడితో ఆపండి. మూడోసారి నుంచి అది వేధింపులా మారుతుంది. వారి ఇంటి శుభాశుభాలకు మీ వైపు నుంచి వెళ్ళడం, మీ పిల్లలు వారి పిల్లలతో మాట్లాడుతుంటే అడ్డుచెప్పకపోవడం మాత్రం మానకండి. క్షమించే పని ఒంటరిది కనుక అది ఇప్పటికే పూర్తయింది, వారి జవాబు మీద ఆధారపడి లేదు.

వాటాల లెక్క

మాట కలిసిన రోజునే కాగితాల మీద సంతకాలు పెట్టకండి. కన్నీళ్ళ మధ్య "నాకేమీ వద్దురా" అని రాసిచ్చిన అక్క, ఏడాది తిరగకముందే ఇంట్లో మాట పడి, మళ్ళీ తగాదాకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కనీసం కొన్ని వారాలు గడవనివ్వండి. ఆ తర్వాత ఇద్దరి తరఫునా ఎప్పుడూ వాదించని న్యాయవాది ఒకరిని కలిసి, ఆస్తి పిత్రార్జితమా స్వార్జితమా, ఎవరి వాటా ఎంత అన్నది ముందు తెలుసుకోండి. హక్కు ఎంతో తెలిశాక వదులుకోవడం ఔదార్యం, తెలియక వదులుకుంటే రేపటి తగాదాకు విత్తనం వేసినట్టే. వంద రూపాయలు లేదా అంతకు మించిన విలువగల స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రానికీ, భాగపరిష్కార పత్రానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్నది తర్వాతి తరంలో నిలవకపోవచ్చు.

కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే, "ముందు కేసు వెనక్కి తీసుకో, తర్వాత మాట్లాడదాం" అనే షరతు పెట్టకండి, ఒప్పుకోకండి కూడా. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద నడిచే లోక్ అదాలత్‌కు ఆ కేసును ఇద్దరి సమ్మతితో పంపవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. కేసు వేయకముందే కూడా అక్కడికి వెళ్ళవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దగ్గరి కార్యాలయం వివరాలు చెబుతారు. అప్పీలు లేదంటే కుదుర్చుకున్నదే చివరి మాట అని అర్థం కనుక, సంతకానికి ముందు ప్రతి వాక్యం చదివించుకోండి.

మొదటి ఏడాది

మాట కలిసిన ఇళ్ళు మొదటి ఏడాదిలోనే తిరిగి చెడే ప్రమాదం ఎక్కువ. అందుకు సాధారణంగా ఆ ఇద్దరూ కాక వారి చుట్టూ ఉన్నవారు కారణమవుతారు. మీరు తోబుట్టువును క్షమించి ఉండవచ్చు, మీ భార్య లేదా భర్త క్షమించవలసిన అవసరం లేదు. ఇన్నేళ్ళూ మీ కోపాన్ని విన్నదీ, మీ తరఫున అవమానాలు పడిందీ ఆ మనిషే. "నేనే మాట్లాడుతుంటే నీకేమిటి" అనకండి. వారికి ఎంత కాలం కావాలో అంత తీసుకోనివ్వండి, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళండి, దొంగచాటుగా ఫోన్లు చేయకండి.

రాకపోకలు చిన్నవిగా ఉంచండి. వారానికి ఒకసారి పది నిమిషాల ఫోను, పండుగకు ఒక పూట భోజనం చాలు. మొదటి సంక్రాంతికే పది రోజులు కలిసి ఉండాలని తలపెట్టకండి. పాత విషయం మధ్యలో తలెత్తితే ఏమనాలో ఇద్దరూ ముందే అనుకోవడం మంచిది. "అది లాయరు గారి దగ్గర మాట్లాడదాం" అన్న ఒక్క వాక్యం చాలా భోజనాలను కాపాడుతుంది.

పిల్లలకు వరసలు చెప్పండి. మౌనంలో పెరిగిన పిల్లలకు పెదనాన్న పిల్లలు అన్నలూ అక్కలూ అవుతారనీ, మేనత్త కొడుకు బావ అవుతాడనీ మాటగా తెలుసు, నోటితో ఎప్పుడూ పిలిచి ఉండరు. ఆసుపత్రి వరండాలో ఆ రోజు బాబాయి చిన్నకొడుకు నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. వాడికి పదేళ్ళు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి, ఒక్కసారీ మాట్లాడుకోలేదు. చాలాసేపు చెప్పులతో నేల మీద గీతలు గీసి, లోపలికి ఒకసారి చూసి, "నిన్ను ఏమని పిలవాలి" అని అడిగాడు. అక్కా అనమన్నాను. అనలేదు గానీ, చేతిలోని బిస్కెట్ల పొట్లం నా వైపు జరిపాడు.